మనసు మాట: సాయంత్రం ఏడు గంటల ఉక్రోషం

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటినీ ఒకచోట పెట్టుకొని చదివినప్పుడు ఒక సంగతి గమనించాను. కోపం గురించి రాసినవారూ, దుఃఖం గురించి రాసినవారూ, నిద్ర పట్టని రాత్రుల గురించి రాసినవారూ చివరకు దాదాపు ఒకే మాటతో ముగించారు: "నా మనసు గట్టిది కాదేమో." గుండె దిటవు చేసుకోమని చెప్పేవారికి మన ఇళ్లలో కొదవ లేదు కానీ, ఆ దిటవు దేనితో చేసుకోవాలో చెప్పేవారు తక్కువ. అందుకే ఈసారి ఐదు ఉత్తరాలను ఎంచుకున్నాను. రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ప్రశ్న: నా వయసు 41. బ్యాంకులో పనిచేస్తున్నాను. ఎనిమిది నెలల కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. పగటిపూట చూసుకోవడానికి ఒకామెను కుదుర్చుకున్నాం. ఆమె సాయంత్రం ఆరున్నరకు వెళ్లిపోతుంది. ఆ తరువాతి పనంతా నాదే. మా బాబు ఎనిమిదో తరగతి. పోయిన గురువారం వాడి క్యారేజీ మూత తీసేసరికి, పొద్దున పెట్టిన పెరుగన్నం ముట్టకుండా అలాగే ఉంది; పులిసి వాసన కొట్టింది. ఆ గిన్నెను వాడి మీదకు విసిరాను. అంచు తగిలి కనుబొమ్మ దగ్గర చీరుకుంది. రాత్రంతా ఏడ్చాను. ప్రాణాయామం చేస్తున్నాను, రామకోటి రాస్తున్నాను. అయినా సాయంత్రం ఏడయ్యేసరికి నాకు ఏదో పూనినట్లవుతోంది. నేను చెడ్డ తల్లినా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. ఆ గిన్నె ఇంకొక్క అంగుళం కిందికి తగిలి ఉంటే మీరు ఈ ఉత్తరం కంటి ఆసుపత్రి నుంచి రాయవలసి వచ్చేది. మీరు చేసింది తప్పు. ఆ మాట ఎవరైనా సూటిగా చెప్పాలనే మీరు రాశారని నాకు అనిపించింది. అయితే "చెడ్డ తల్లినా" అనే ప్రశ్నను మాత్రం పక్కన పెట్టండి. అది మిమ్మల్ని రాత్రంతా ఏడిపిస్తుందే తప్ప, మరునాటి సాయంత్రం ఏడు గంటలకు అక్కరకు రాదు. దానికి బదులు బాబు దగ్గర కూర్చొని, గిన్నె విసరడం మీ తప్పేననీ, ఇక మీద అంత కోపం వస్తే వరండాలోకి వెళ్లిపోతాననీ చెప్పండి. "నువ్వు అన్నం తినకపోబట్టే కదా" అనే తోకను ఆ మాటకు తగిలించకండి, ఐస్‌క్రీముతో సరిపెట్టనూ వద్దు. అన్నం ఎందుకు ముట్టలేదో మరో రోజు నెమ్మదిగా అడగండి. ఎనిమిదో తరగతి పిల్లవాడు క్యారేజీ మూతైనా తీయకుండా తిరిగి తెచ్చాడంటే దాని వెనుక తోటిపిల్లల వెక్కిరింపు దగ్గర నుంచి కడుపునొప్పి దాకా ఏదైనా ఉండవచ్చు.

ఇక మీ కోపం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "పూనినట్లు" కాదు, "ఏడయ్యేసరికి" అన్నది. పూనకం గడియారం చూసి రాదు. మీ ఉత్తరం రెండో పేజీలో, మాటవరసకన్నట్లు, మధ్యాహ్న భోజనం మూడు దాటాకే కుదురుతుందనీ, రద్దీ రోజుల్లో మజ్జిగతో సరిపెట్టుకుంటాననీ రాశారు. పొద్దున ఐదింటికి లేచిన మనిషి, సరిగా తినకుండా, ఆరున్నరకు ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే, ఉద్యోగం నుంచి వచ్చిన చీరతోనే మంచం దగ్గర రెండో ఉద్యోగంలో చేరుతున్నారు. ఆ స్థితిలో ఏడు గంటలకు ఎదురుపడేది పెరుగన్నం గిన్నె అయినా, కరెంటు పోవడమైనా ఒకటే. అందువల్ల మొదటి మందు ప్రాణాయామం కాదు. ఐదున్నరకు, బ్యాంకులో కూర్చొనే, ఒక అరటిపండో గుప్పెడు వేయించిన వేరుశనగలో తినండి. ఇంత చిన్న సలహా కోసమా నేను ఉత్తరం రాసింది అనిపించవచ్చు. రెండు వారాలు చేసి చూసి, ఆ తరువాత నన్ను తిట్టండి.

రెండో సంగతి, మీకు వస్తున్నది నిజంగా కోపమేనా అన్నది. మన భాషలో ఈ ఒక్క కుటుంబానికే ఎన్ని మాటలున్నాయో చూడండి. ఒకే పని పదేపదే చేయవలసి వచ్చినప్పుడు కలిగేది విసుగు. మర్యాదకు దెబ్బ తగిలితే వచ్చేది రోషం. దగ్గరివారు పట్టించుకోలేదని కలిగేది కినుక. బతిమాలించుకోవాలని చేసేది అలక. ఎదుటివారికి దక్కింది తనకు దక్కలేదని లోపల మసిలేది అక్కసు. ఏమీ చేయలేని స్థితిలో, ఎవరినీ ఏమీ అనలేక, గొంతుకు అడ్డం పడేది ఉక్రోషం. వీటన్నింటినీ "కోపం" అనే ఒక్క సంచిలో కుక్కి, ఆ సంచి మూతి బిగించి కట్టాలని చూస్తాం. మీ ఉత్తరంలో నాకు కనిపించింది ఉక్రోషం. మరిదిగారు అదే ఊళ్లో ఉండి ఆదివారం పళ్లు తెచ్చి అరగంట కూర్చొని వెళ్తారని రాశారు కదా, ఆ వాక్యం దగ్గర మీ చేతిరాత మారింది. అక్షరాలు కాగితం వెనుక వైపు వరకు దిగాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అనే సామెత మీ ఇంట్లో కాస్త మారిందన్నమాట: అత్తగారి మీద మీకు కోపం లేదు, ఆవిడ బాధ్యతంతా ఒక్కరి మీద పడిన ఏర్పాటు మీద ఉంది. దుత్త స్థానంలో మాత్రం మీ అబ్బాయి ఉన్నాడు.

పేరు పెట్టడం వట్టి మాటల ఆట కాదు. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో, కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాల చిత్రాలను చూస్తూ ఆ భావానికి తగిన మాటను ఎంచుకున్నవారి మెదడులో, ఉద్రేకానికి చప్పున స్పందించే అమిగ్డలా అనే భాగం చురుకుదనం తగ్గినట్లు తేలింది. మాట దొరికిన భావం కొంత చల్లబడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, సరైన మాట దొరికితే తరువాత చేయవలసిన పని కూడా కనిపిస్తుంది. విసుగుకు విశ్రాంతి కావాలి, రోషానికి క్షమాపణ కావాలి, ఉక్రోషానికి మాత్రం చేతికి ఏదో ఒక పట్టు దొరకాలి.

ఆ పట్టు కోసం మీవారితో మాట్లాడండి; రాత్రి ఏడింటికి కాదు, ఆదివారం పొద్దున కాఫీ దగ్గర. "నాకు ఎవరూ సాయం చేయరు" అంటే ఆయన నొచ్చుకుంటారు, అంతటితో మాట అయిపోతుంది. "సోమ, బుధ, శుక్రవారాల్లో రాత్రి అత్తయ్యకు మీరు తినిపించండి, శనివారం రాత్రి మీ తమ్ముడు ఇక్కడ పడుకోవాలి" అంటే అవునో కాదో చెప్పక తప్పదు. మరిదిగారితో మాట్లాడవలసింది మీరు కాదు, ఆయన అన్నగారు. ఇవి మానసిక ఆరోగ్యానికి సంబంధం లేని ఇంటి పంపకాల మాటల్లా కనిపిస్తాయని నాకు తెలుసు. కానీ పంచుకోవలసిన బరువును పంచకుండా, మోస్తున్న మనిషికే ఓర్పు నేర్పడం నాకు ఎప్పుడూ న్యాయంగా తోచలేదు.

ప్రాణాయామం మానమనడం లేదు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. అందువల్ల పీల్చే సమయం కన్నా వదిలే సమయాన్ని పొడిగిస్తే ఒళ్లు చల్లబడుతుంది. అయితే దాన్ని కోపం తలకెక్కాక కాదు, గుమ్మం బయట చెప్పులు విడవకముందు ఐదు నిమిషాలు చేయండి. దిండును కొడితే, తలుపు వేసి అరిస్తే కోపం దిగిపోతుందనే నమ్మకం కూడా ఒకటి ప్రచారంలో ఉంది. బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2002లో దీన్ని పరీక్షించారు. తమకు కోపం తెప్పించిన మనిషినే తలచుకుంటూ ఇసుక సంచి లాంటిదాన్ని గుద్దినవారిలో కోపం తగ్గకపోగా, ఊరికే కూర్చున్నవారికన్నా ఎక్కువగా మిగిలింది.

చివరగా, నలభై దాటిన వయసులో చిరాకు ఇంతగా పెరిగినప్పుడు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. నెలసరిలో మార్పులు మొదలై ఉంటే ఆ సంగతి కూడా వైద్యురాలికి చెప్పండి. శరీరం చేసే గొడవకు స్వభావాన్ని నిందించుకున్నవారిని చాలామందిని చూశాను.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. గ్రూప్స్ పరీక్షల కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకొని చదువుతున్నాను. మూడు వారాల కిందట నమూనా ఇంటర్వ్యూలో నా ఇంగ్లిష్ విని ప్రశ్నలు అడిగేవారిలో ఒకరు నవ్వారు. రాత్రి లైటు ఆర్పగానే ఆ నవ్వు వినిపిస్తుంది. ఆలోచించకూడదని ఎంత గట్టిగా అనుకుంటే అంత ఎక్కువగా వస్తోంది. మూడింటి దాకా నిద్ర ఉండదు.
– ఒక విద్యార్థి

జవాబు: కోతిని తలచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మీకు తెలిసే ఉంటుంది. పాపం ఆ రోగి అంతకుముందు జన్మలో కోతిని తలచుకోలేదు, ఆ మాట విన్నాక మందు గిన్నె ఎత్తిన ప్రతిసారీ కోతే. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త 1987లో ఇదే కథను ప్రయోగంగా చేశారు, కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి. దాన్ని తలచుకోవద్దని, తలపు వచ్చినప్పుడల్లా గంట కొట్టమని చెబితే విద్యార్థులు గంట కొడుతూనే ఉన్నారు. పైగా, ఆ తరువాత తలచుకోవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, మొదటి నుంచీ అనుమతి ఉన్నవారికన్నా వీరే ఎక్కువసార్లు తలచుకున్నారు. కాబట్టి మీ సంకల్పబలంలో లోపం లేదు; మీరు ఎంచుకున్న పద్ధతే పనిచేయనిది.

మీరు చేస్తున్నదాన్ని తెలుగులో నెమరు వేయడం అంటాం. పశువు నెమరు వేస్తే మేత అరుగుతుంది. మనిషి అవమానాన్ని నెమరు వేస్తే అరగడం మాట అటుంచి, ప్రతిసారీ పచ్చిగానే వస్తుంది. 1989 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందే సుజాన్ నోలెన్-హోక్సెమా అనే పరిశోధకురాలు స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల చేత వారి మనస్థితి గురించి ప్రశ్నపత్రాలు నింపించి ఉన్నారు. భూకంపం తరువాత మళ్లీ పరిశీలిస్తే, బాధను తవ్వుకుంటూ కూర్చునే అలవాటు ముందు నుంచీ ఉన్నవారిలోనే ఏడు వారాల తరువాత కూడా కుంగుబాటు ఎక్కువగా కనిపించింది. కంపించిన నేల అందరికీ ఒకటే.

అయితే ఆలోచనను అణచకూడదు, నెమరు వేయకూడదు అంటే మిగిలిన దారి ఏమిటి? దానికి ఒక వేళ కేటాయించండి. సాయంత్రం ఆరున్నరకు, మంచం మీద కాదు, కుర్చీలో కూర్చొని, ఇరవై నిమిషాలు ఆ ఇంటర్వ్యూ గురించే ఆలోచించండి. రాత్రి అదే ఆలోచన వస్తే "రేపు ఆరున్నరకు" అని వాయిదా వేయండి. వద్దని తరిమితే తిరగబడే ఆలోచన, వాయిదాకు చాలాసార్లు ఒప్పుకుంటుంది. ఇరవై నిమిషాలు దాటినా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా చప్పని పుస్తకం చదవండి. ఫోను మాత్రం ముట్టకండి. మంచానికీ ఆ నవ్వుకూ పడిన ముడి విడిపోవాలి.

దానితోపాటు నాలుగు రోజులు రోజుకు పదిహేను నిమిషాలు ఆ సంఘటన గురించి రాయండి. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో కళాశాల విద్యార్థుల చేత ఇలాగే రాయించారు. మనసును కలచివేసిన సంగతిని, జరిగినదానితోపాటు అప్పుడు కలిగిన భావాన్ని కూడా రాసినవారు ఆ పూట మరింత దిగులుపడ్డారు, కానీ తరువాతి నెలల్లో వైద్యం కోసం వెళ్లిన సందర్భాలు తగ్గాయి. మీరు ఇంగ్లిష్‌లో రాయనక్కరలేదు, మీ ఊరి మాటలోనే రాయండి. నవ్విన పెద్దమనిషి ముఖంతో ఆపకుండా, అంతకుముందు మీరు ఏ ప్రశ్నకు బాగా జవాబు చెప్పారో, తరువాత గదికి ఏ దారిన నడిచి వచ్చారో కూడా రాయండి. తలలో తిరిగే దృశ్యానికి మొదలూ తుదీ ఉండవు, కాగితం మీద మాత్రం అది ఎక్కడో ఒకచోట అయిపోవాలి.

ఇంతా చేశాక కూడా రెండు వారాల పాటు రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండి, తిండి మీదా చదువు మీదా ఆసక్తి పోతే, అశోక్‌నగర్‌లో మంచి పేరున్న మరో కోచింగ్ కోసం వెతకకుండా, వైద్యుణ్ణి కలవండి. చనిపోవాలనే ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా రెండు వారాలు ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా పాప పదో తరగతి పూర్తి చేసింది. జీవితంలో దెబ్బలను తట్టుకోవాలంటే ఇప్పటి నుంచే కష్టం తెలియాలని రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చాలనుకుంటున్నాను. నా భార్య వద్దంటోంది. ఎవరిది సరైన ఆలోచన?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: చదువు కోసం చేర్చాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. కష్టం పెడితే పిల్లలు గట్టిపడతారన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. హవాయి దీవుల్లో ఒకటైన కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు నలభై ఏళ్ల వయసు వరకు గమనిస్తూ వచ్చారు. వారిలో కొందరు కడుపేదరికంలో, తాగుడుతోనో మానసిక వ్యాధితోనో సతమతమయ్యే తల్లిదండ్రుల దగ్గర పెరిగారు. అలా నాలుగు వైపుల నుంచీ ముప్పు ఉన్న పిల్లల్లో సుమారు మూడింట ఒక వంతు మంది చక్కగా స్థిరపడిన మనుషులయ్యారు. మిగిలిన రెండు వంతులలో ఎక్కువమందికి చదువులోనో ప్రవర్తనలోనో ఇబ్బందులు వచ్చాయన్నది మరచిపోకండి. కష్టమే గట్టిపరిచేదైతే లెక్క తిరగబడి ఉండేది. నిలదొక్కుకున్న పిల్లల జీవితాల్లో తరచుగా కనిపించింది ఏమిటంటే, తల్లో, అమ్మమ్మో, బడిలో ఒక పంతులమ్మో, ఎవరో ఒక పెద్ద మనిషి ఆ బిడ్డను గట్టిగా అంటిపెట్టుకొని ఉండడం.

కాబట్టి హాస్టల్లో చేర్చినా, ఔటింగ్ రోజున పాపను కలిసినప్పుడు మొదటి ప్రశ్నగా "వీకెండ్ టెస్టులో ఎన్ని వచ్చాయి" అని అడగకండి. అక్కడి బాత్‌రూమ్‌ల గురించి, మెస్‌లో పప్పు గురించి, పక్క మంచం అమ్మాయి గురించి చెప్పనివ్వండి. "అందరూ ఉండడం లేదా" అనే మాట మీ నోట వస్తే, ఆ పైన నిజంగా ఇబ్బంది వచ్చిన రోజు పాప ఫోన్ చేసేది మీకు కాదు. మీ భార్య వద్దంటున్నది కష్టాన్నా, దూరాన్నా అన్నది కూడా ఆమెనే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. నా భార్య చనిపోయి ఏడు నెలలు. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి దుఃఖానికి ఐదు దశలుంటాయని ఒక వ్యాసం పంపింది. చదివి మరింత అయోమయంలో పడ్డాను. నాకు కోపం రాలేదు, దేవుడితో బేరమూ ఆడలేదు. ఒక రోజు మనవడితో వీడియో కాల్‌లో గట్టిగా నవ్వుతాను, ఆ రాత్రే ఆమె చీరల బీరువా ముందు నిలబడి కదలలేను. ఇంకొక విషయం చెప్పడానికి సిగ్గుగా ఉంది: ఆమె ఫోన్ నంబరుకు ఇప్పటికీ 28 రోజులకోసారి రీఛార్జి చేయిస్తున్నాను. డబ్బు దండగని మా తమ్ముడు అంటాడు. ఆమె బ్యాంకు పుస్తకాన్ని ముట్టుకోవడానికి చేయి రావడం లేదు. నేను సరిగ్గానే ఉన్నానా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, ఆ ఐదు దశలను చెప్పిన ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే వైద్యురాలు 1969లో రాసింది ప్రధానంగా మరణానికి దగ్గరైన రోగుల గురించి, వారితో తాను జరిపిన సంభాషణల ఆధారంగా. పోయినవారి కోసం దుఃఖించేవారికి దాన్ని వర్తింపజేయడం తరువాత జరిగింది. అది మెట్ల వరుస కాదు, అందరూ ఒక్కొక్క మెట్టూ ఎక్కి తీరాలనే నియమమూ లేదు. పాఠ్యప్రణాళిక చేతిలో పెట్టుకొని ఏ పాఠం పూర్తయిందో చూసుకోవడం మీ వృత్తి అలవాటు కావచ్చు. దుఃఖానికి అది పనికిరాదు.

మీరు చెప్పిన తీరుకు దగ్గరగా ఉన్న వివరణ మరొకటి ఉంది. నెదర్లాండ్స్‌లో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ 1999లో చెప్పినదాని ప్రకారం, ఆప్తులను పోగొట్టుకున్న మనిషి రెండు గదుల మధ్య తిరుగుతూ ఉంటాడు. ఒక గదిలో పోయిన మనిషి, జ్ఞాపకాలు, ఏడుపు. రెండో గదిలో గ్యాస్ బుకింగ్, పెన్షన్ కాగితాలు, కొత్తగా నేర్చుకోవలసిన వంట, మనవడి నవ్వు. ఆరోగ్యకరమైన దుఃఖం ఈ రెండు గదుల మధ్య అటూ ఇటూ నడుస్తుంది. ఏ ఒక్క గదిలోనో గడియ పెట్టుకొని కూర్చుంటేనే చిక్కు. వీడియో కాల్‌లో నవ్వి, ఆ రాత్రే బీరువా ముందు నిలబడిపోయిన మీరు ఆమెను మరచిపోయారనీ అనలేం, కోలుకోలేదనీ అనలేం.

మన పెద్దలు ఈ సంగతిని తమ పద్ధతిలో ఎరుగుదురని నాకనిపిస్తుంది. పదకొండో రోజు, పన్నెండో రోజు ముగిశాక మనిషిని పనిలోకి పంపించేవారు. కానీ ఏడాది పొడవునా నెలకొకసారి మాసికం పేరిట ఒక రోజును పోయినవారికి వదిలేవారు. నమ్మకం సంగతి ఎవరి ఇష్టం వారిది. ఆ ఏర్పాటులో ఉన్న తెలివి మాత్రం నమ్మకంతో నిమిత్తం లేనిది: మిగిలిన ఇరవై తొమ్మిది రోజులు నవ్వినా తప్పు కాదు, ఆ ఒక్క రోజు ఏడ్చినా ఎవరూ ఏమీ అనరు. మీరు 28 రోజులకోసారి చేయిస్తున్న రీఛార్జిని నేను అలాగే చూస్తున్నాను. తమ్ముడుగారికి దండగగా కనిపించే ఆ కొద్ది రూపాయలు మీరు పెడుతున్న మాసికం. ఆపాలనిపించిన నాడు మీరే ఆపుతారు. అప్పటిదాకా ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు.

బ్యాంకు పుస్తకం సంగతి వేరు. ఆ ఖాతా ఆమె పేరున ఉంది కాబట్టి, ఆమె ఫోనుకు వచ్చే ఓటీపీతో డబ్బు తీయడం లాంటివి చేయకండి. నామినీగా మీ పేరు ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, మీ గుర్తింపు కాగితాలు జతచేసి క్లెయిము దరఖాస్తు ఇస్తే సరిపోతుంది. మీ తమ్ముడికి రీఛార్జి మీద ఉన్న శ్రద్ధను ఇటు మళ్లించి, ఆయన్నే వెంట తీసుకొని వెళ్లండి. ఒక్క రోజులో అన్ని కాగితాలూ తేల్చాలని పెట్టుకోకుండా, ఒక పూట ఒక పని చేసి ఇంటికి వచ్చి పడుకోండి. చీరలను ఇప్పుడే ఎవరికీ పంచనవసరం లేదు.

ఎప్పుడు వైద్యుడి దగ్గరకు వెళ్లాలో కూడా చెప్పాలి. దుఃఖం తగ్గుముఖం పట్టకుండా, దాదాపు ప్రతిరోజూ మనిషిని కూలదోస్తూ, స్నానం, భోజనం, నలుగురితో మాట వంటివి కూడా సాగనివ్వకపోతే దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా పరిగణిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దానికి కనీస గడువు 6 నెలలు. అమెరికా మనోవైద్యుల సంఘం 2022లో పెద్దవారికి పెట్టిన గడువు 12 నెలలు. మీ ఉత్తరంలో నాకు ఆ లక్షణాలు కనిపించలేదు. అయితే రాత్రి భోజనం గురించి మీరు ఎక్కడా ఒక్క మాట రాయలేదు. చాలామంది ఒంటరి మగవారు ఇటువంటి సమయంలో బ్రెడ్డూ పాలతో రోజులు వెళ్లదీస్తారు. మీరు ఏం తింటున్నారో వచ్చే నెల నాకు రాయండి.

ప్రశ్న: మనసు ప్రశాంతంగా ఉంటుందని ధ్యానం మొదలుపెట్టాను. కళ్లు మూసుకున్న ఐదు నిమిషాలకే ఏడుపు వస్తోంది. తప్పుగా చేస్తున్నానా? మానెయ్యాలా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: తప్పుగా చేయడం లేదు. పగలంతా పనుల సందడిలో వినిపించనిది, కళ్లు మూసుకోగానే వినిపిస్తోంది. కొద్దిపాటి కన్నీళ్లు వచ్చి, ఆ తరువాత తేలికగా అనిపిస్తే కొనసాగించండి. కానీ పాత దెబ్బ ఏదో కళ్లముందు ఆడుతూ గుండెదడ, చెమటలు వస్తుంటే, ఆ సాధనను బలవంతంగా పొడిగించకండి. మీకు నేర్పినవారు కొనసాగించమన్నా సరే, ముందు మనస్తత్వ నిపుణులను కలవండి. ఈలోగా కళ్లు తెరిచే ఉంచి, బాల్కనీలోని తులసి మొక్కకు నీళ్లు పోస్తూ ఆకుల మీది నీటి బొట్లను చూడండి, లేదా మెట్లు దిగి వీధి చివరిదాకా నెమ్మదిగా నడిచి రండి. అది ధ్యానం కిందికి రాదని ఎవరైనా అంటే వాదించకండి.